ఒళ్ళు జలదరించే భూతం ఏది? రూపం చూసి భయమా, అది వచ్చే చోటు చూసి భయమా?

బ్రాడీపేట నాలుగో లైను:
దసరా దగ్గరపడింది, ఇంద్రకీలాద్రి మీద మహిషాసురమర్దని అలంకారం గురించి అందరూ మాట్లాడుకుంటున్నారు. అందుకే ఈ ప్రశ్న. ప్రపంచంలోని పురాణాల్లో, జానపద కథల్లో మీకు బాగా నచ్చిన రాక్షసుడు ఎవరు? నిజంగా వెన్నులో వణుకు పుట్టించేది ఎవరు? పేరు ఒక్కటీ రాసి వదిలేయకండి. అది ఏం చేస్తుంది, దాన్ని ఎలా ఆపుతారు, ఆ ఉపాయం ఎక్కడ బెడిసికొడుతుంది, అన్నీ చెప్పాలి.

నా ఓటు రెండింటికీ రక్తబీజుడికే. దేవీ మాహాత్మ్యం 8వ అధ్యాయం చూడండి. వాడి ఒంటి నుంచి ఒక్క బొట్టు నేల రాలితే అంతే బలమున్న ఇంకొకడు లేస్తాడు. ఐంద్రి వజ్రంతో కొడుతుంది, వైష్ణవి చక్రంతో నరుకుతుంది, నరికే కొద్దీ పెరుగుతాడు. మన ఆయుధమే వాడికి ఎరువు. చివరికి పని చేసింది నెత్తురు నేలకి తగలకుండా చూడటం. చండిక కొడుతుంటే చాముండ నోరు తెరిచి ప్రతి బొట్టూ పట్టేస్తుంది, పుట్టుకొచ్చినవాళ్ళని నమిలేస్తుంది. ఒంట్లో నెత్తురంతా అయిపోయాక వాడు కూలిపోతాడు.

కృష్ణలంక కరకట్ట:
నచ్చడం వరకు ఒప్పుకుంటా అన్నా. భయానికి మాత్రం ఒప్పుకోను. గ్రీకుల కథల్లో పలుతలల పాము హైడ్రాదీ ఇదే చిక్కు. లెర్నా చిత్తడిలో వీరుడు హెరాక్లీస్ ఒక తల నరికితే రెండు మొలుస్తాయి. అన్నకొడుకు లాంటివాడు అయొలాస్ కాగడా తెచ్చి, తెగిన మెడని తెగినట్టే కాల్చేస్తాడు. చావులేని తలని బండ కింద పాతిపెడతారు. అంటే కిటుకు తెలిస్తే చాలు, పని అయిపోతుంది. రక్తబీజుడూ అంతే. కిటుకు దొరికాక మిగిలేది యుద్ధం, భయం కాదు.

ఒక్కటి మాత్రం హైడ్రా కథలో నన్ను వదలదు. హెరాక్లీస్ తన బాణాలని హైడ్రా విషంలోనే ముంచుకున్నాడు. ఆ బాణం తగిలిన నెస్సస్ (సగం మనిషి, సగం గుర్రం) నెత్తురు ఒక వస్త్రానికి పూసి ఉండగా, ఏళ్ళ తరవాత దాన్ని కట్టుకుని తనే కాలిపోయాడు. చంపినవాడి ఇంటికి విషం తిరిగొచ్చింది.

లబ్బీపేట:
అయొలాస్ "అన్నకొడుకు లాంటివాడు" కాదండీ, తమ్ముడు ఇఫిక్లీస్ కొడుకే. ఆ సాయం తీసుకున్నాడనే, హెరాక్లీస్‌కి పనులు అప్పగించిన రాజు యూరిస్థియస్ ఈ పనిని లెక్కలోకి రానివ్వలేదు. ఇక అసలు మాట. ఎంత పెద్దదైతే అంత భయం అనుకోవడం పొరపాటు. మలయ దేశపు పెనంగలన్‌ని చూడండి. పగలు ఊళ్ళో మామూలు ఆడమనిషి. రాత్రి మెడ దగ్గర తల ఊడి, కడుపులోని పేగులు కిందికి వేలాడుతుండగా గాల్లో వెళ్తుంది. వెళ్ళేది యుద్ధానికి కాదు, పురిటింటికి. బాలింత నెత్తురూ పసిబిడ్డ నెత్తురూ దానికి కావాలి. తెల్లారేలోపు తిరిగొస్తే పేగులు ఉబ్బి ఉంటాయి, మొండెంలో పట్టవు. అందుకని వెనిగర్ నింపిన కుండలో నానబెట్టి కుదించుకుంటుంది. అందుకే ఊళ్ళో ఏ మనిషి దగ్గరైనా వెనిగర్ వాసన వస్తే జనం అనుమానించేవాళ్ళు. ఆపే ఉపాయం, మొగలి జాతి ముళ్ళ ఆకులు కిటికీల చుట్టూ కట్టడం. వేలాడే పేగులు ముళ్ళకి చిక్కుకుంటాయని.

పక్కనే ఫిలిప్పీన్స్‌లో మననంగ్గల్. ఇది నడుం దగ్గర తెగుతుంది, పైభాగానికి గబ్బిలం రెక్కలు. దాన్ని వెతికి పట్టుకోవాల్సిన పనే లేదు. వదిలేసి పోయిన కింది భాగం దొరికితే తెగిన చోట ఉప్పో, బూడిదో, దంచిన వెల్లుల్లో పూసేస్తే చాలు. మళ్ళీ అతుక్కోలేదు, పొద్దు పొడిస్తే పోతుంది. వెనిగర్, ఉప్పు, వెల్లుల్లి, ముళ్ళకంప. అన్నీ వంటింట్లో, పెరట్లో దొరికేవే. వజ్రాయుధం అక్కర్లేని చోట ఉంది భయం.

మంగళగిరి మెట్లు:
రూపం, చోటు రెండూ పక్కన పెట్టండి. కళ్ళముందు సాక్ష్యం కనిపించిన భూతం ఒకటే, రక్తపిశాచి. 1725లో సెర్బియాలోని కిసిల్యెవోలో పీటర్ బ్లగోయెవిచ్ చనిపోయాక, వారం రోజుల్లో తొమ్మిది మంది పోయారు. సమాధి తవ్వితే శవం చెడలేదు, నోటి దగ్గర నెత్తురుంది. ఆ చూసినదాంట్లో అబద్ధం లేదు. పొట్టలో వాయువు పేరుకుంటే శవం ఉబ్బి, బాగా తిన్నట్టు కనిపిస్తుంది. ఆ ఒత్తిడికే ఎర్రటి ద్రవం నోట్లోంచి, ముక్కులోంచి వస్తుంది. పైచర్మం ఊడితే కింద కొత్త చర్మంలా ఉంటుంది. వేళ్ళ చివర కండ లోపలికి పోయి గోళ్ళు పెరిగినట్టు అనిపిస్తాయి. గుండెలో మేకు దిగ్గొడితే గాలి గొంతులోంచి వచ్చి మూలుగు వినిపిస్తుంది. చూసినవాళ్ళు చూసిందే రాశారు, అర్థం మాత్రం తప్పుగా చేసుకున్నారు.

ఇంకా బాధాకరమైనది అమెరికా రోడ్ ఐలండ్‌లోని ఎక్సెటర్‌లో, 1892లో. క్షయ ఒకే ఇంట్లో ఒకరి తరవాత ఒకరిని తీసుకుపోతోంది. జనవరిలో పోయిన మెర్సీ బ్రౌన్ శవాన్ని మార్చిలో బయటికి తీశారు. గడ్డకట్టే చలిలో ఉంది కాబట్టి చెడలేదు. గుండెలో నెత్తురుందని దాన్ని కాల్చి, బూడిద నీళ్ళలో కలిపి జబ్బుపడిన తమ్ముడు ఎడ్విన్‌కి తాగించారు. రెండు నెలలకి అతనూ పోయాడు. జర్మన్ వైద్యుడు కోక్ క్షయ క్రిమిని కనిపెట్టినట్టు ప్రకటించి అప్పటికి పదేళ్ళయింది.

పట్నంబజారు:
మెట్ల గారూ, ఎడ్విన్ తమ్ముడు కాదు, అన్న. మెర్సీకి 19 ఏళ్ళే. మీరు చెప్పినదాంట్లో భయం భూతానిది కాదు, జబ్బుది. నా లెక్కలో వెండిగోకి మించింది లేదు. క్రీ, ఒజిబ్వే లాంటి ఉత్తర అమెరికా తెగల్లో చెప్పుకునేది. చలికాలం తిండి లేక మనిషిని తిన్న మనిషి వెండిగో అవుతాడు. గుండె మంచుగడ్డ అవుతుంది. తిన్నకొద్దీ ఒళ్ళు పెరుగుతుంది, ఒళ్ళుతో పాటు ఆకలీ పెరుగుతుంది. కాబట్టి కడుపు ఎప్పటికీ నిండదు, బక్కచిక్కి ఎముకలే కనిపిస్తుంటాయి. బొమ్మల్లో వేసే దుప్పికొమ్ములు పాత కథల్లో లేవు, ఈ మధ్య తగిలించినవి. కొన్ని కథల్లో దీనికి మందు కాగిన కొవ్వు. గొంతులో పోస్తే లోపలి మంచు కరుగుతుందని.

పైనుంచి వచ్చేదాన్ని ముళ్ళకంపతో ఆపొచ్చు. మీ పక్కన కంచంలో చెయ్యి పెట్టినవాడే అది అయిపోతే ఏ కంప కడతారు?

బ్రాడీపేట నాలుగో లైను:
వెండిగోకి నా దగ్గర జవాబు లేదు. కానీ లబ్బీపేట గారి మాటకి ఒకటి కలుపుతా. ఎక్కువ భూతాలు గడప దగ్గరే తేలతాయి. హిరణ్యకశిపుడు పగలూ రాత్రీ, లోపలా బయటా అంటూ అన్నీ కట్టుదిట్టం చేసుకుంటే, మిగిలిన సందు గడప ఒక్కటే. మన వైపు తలుపుల మీద "ఓ స్త్రీ రేపు రా" అని రాసిన రోజులున్నాయి. రాత్రి తెలిసిన గొంతుతో పిలిచేది వచ్చి అది చదివి వెళ్ళిపోతుంది, మర్నాడు వస్తే మళ్ళీ "రేపు" అనే ఉంటుంది. తూర్పు యూరప్‌లో గసగసాలు చల్లేవాళ్ళు, పిశాచి లెక్కపెడుతూ తెల్లారేదాకా ఉండిపోతుందని. రెండూ ఒకటే ఉపాయం. దాన్ని చంపక్కర్లేదు, ఒక నియమంలో ఇరికించి పొద్దు గడపాలి.

అమరావతి రాయి:
గడప దాకా వచ్చారు కాబట్టి పాతదాన్ని చెబుతా. మెసొపొటేమియా (ఇప్పటి ఇరాక్ ప్రాంతం) దయ్యం లమష్తు. సింహం తల, గాడిద పళ్ళు, గద్ద గోళ్ళు. ఒక రొమ్ము పందిపిల్లకి, ఇంకోటి కుక్కపిల్లకి ఇస్తూ ఉంటుంది. అక్కడి మిగతా దయ్యాలు దేవతల ఆజ్ఞ మీద వస్తాయి. ఇది 'అను' అనే పేరున్న దేవుడి కూతురైనా తన ఇష్టానికి తనే వచ్చి, గర్భిణిని ఏడుసార్లు తాకి బిడ్డని తీసుకుపోతుంది. కాపలా ఎవరంటే, ఇంకో దయ్యం. పజుజు. వాడి తల కంచులో పోసి తల్లి మెళ్ళో వేసేవాళ్ళు. కడుతున్న మేడకి కోరపళ్ళ దిష్టిబొమ్మ వేలాడదీసేది కూడా అందుకే కదా, చెడ్డ మొహానికి అంతకన్నా చెడ్డ మొహం ఎదురు పెట్టడం.

పేరుకి రాక్షసి అయినా ఇంట్లో పూజ అందుకున్నవాళ్ళూ ఉన్నారు. భారతంలో జర, రెండు ముక్కలుగా పుట్టిన బిడ్డని అతికించి జరాసంధుణ్ణి చేసింది. తనని పిల్లలతో సహా గోడ మీద రాసుకున్న ఇల్లు వృద్ధి చెందుతుందని తనే చెప్పింది. హారీతిది ఇంకా దగ్గరి సంగతి. ఐదువందల మంది బిడ్డల తల్లి, ఊరి పిల్లల్ని తినేది. బుద్ధుడు ఆమె చిన్నకొడుకుని భిక్షాపాత్ర కింద దాచాడు. ఒక్కడు కనబడకపోతేనే నీకింత బాధ అయితే, ఒక్కడే ఉన్న తల్లికి ఎంత ఉంటుందని అడిగాడు. తినడం మానేసింది. బదులుగా విహారంలో రోజూ ఆమెకి అన్నం పెట్టేవాళ్ళు. భోజనశాల మూలలోనో వాకిట్లోనో ఆమె బొమ్మ ఉండేదని ఏడో శతాబ్దంలో వచ్చిన చైనా యాత్రికుడు ఇత్సింగ్ రాశాడు. మన నాగార్జునకొండ తవ్వకాల్లోనూ ఇక్ష్వాకుల నాటి హారీతి గుడి బయటపడింది.

కృష్ణలంక కరకట్ట:
అయితే మీ లెక్క ప్రకారం హారీతితో మాట్లాడొచ్చు, లమష్తుతో కుదరదు. అందుకే అది ఎక్కువ భయం. అంతేనా?

అమరావతి రాయి:
పూర్తిగా కాదు. దాన్నీ బతిమాలేవాళ్ళు. లమష్తుని తరమడానికి చేసుకున్న రక్షరేకుల మీద బొమ్మని దగ్గరగా చూడండి. లమష్తు గాడిద మీద నిలబడి ఉంటుంది, గాడిద పడవలో ఉంటుంది, పడవ ఏట్లో ఉంటుంది. చుట్టూ దువ్వెన, కదురు, బట్టకి పెట్టుకునే పిన్ను. దారి ఖర్చులకి సామాను ఇచ్చి, వాహనం ఇచ్చి, ఏరు దాటించి పంపుతున్నారు. గాడిద బరువు మోస్తుంది, పడవ నీళ్ళు దాటిస్తుంది, దువ్వెనా కదురూ ఆడదానికి ఇచ్చే సామాను. వెనక పజుజు తరుముతుంటాడు.

లబ్బీపేట:
ఇది సారె పెట్టి పొలిమేర దాటించడమే కదండీ! బిడ్డని తీసుకుపోవడానికి వచ్చినదానికి దువ్వెన ఇచ్చి పంపుతున్నారంటే, ఆ ఇంట్లో ఎంత భయం ఉండి ఉండాలి. నా ఓటు పెనంగలన్ నుంచి లమష్తుకి మారుస్తున్నా.

పట్నంబజారు:
నాది వెండిగోకే. దానికి సారె పెట్టి పంపడానికి పొలిమేర అవతల ఎవరూ లేరు.