చదరంగం గింజల సంఖ్యని చేత్తో కారణాంకాలుగా విడగొట్టినవాళ్ళున్నారా?

పాతపలక: మా తాతయ్య “శర శశి షట్క చంద్ర…” పద్యం అప్పజెప్పించుకునేవారు. శర అంటే 5, శశి 1, షట్క 6. ఇలా కుడి నుంచి ఎడమకి రాసుకుంటూ పోతే చివర్లో కుంజర 8, తుహినాంశు 1 దగ్గర ఆగుతుంది: 18446744073709551615. చదరంగం 64 గళ్ళలో రెట్టిస్తూ పోసిన గింజల మొత్తం, అంటే 2^64 − 1. అంకెల మొత్తం 87 కాబట్టి 3తో పోతుంది, 9తో పోదు. చివర 5 ఉంది కాబట్టి 5తోనూ పోతుంది. ఆ తర్వాత దారి తోచట్లేదు. ఎక్సెల్‌లో కొడితే చివరి ఐదంకెలూ సున్నాలైపోతున్నాయి!

కోడ్‌కాకి: ఎక్సెల్ 15 అంకెలే దాచుకుంటుంది బ్రో. పైథాన్ ప్రోగ్రామ్‌లో పెట్టు, ఒక్క అంకె కూడా పోదు.

లెక్కలమాస్టారు: కంప్యూటర్ దేనికి బాబూ? తొమ్మిదో తరగతి సూత్రం చాలు, a² − b². 2^64 − 1 = (2^32 + 1)(2^32 − 1). రెండోదాన్ని మళ్ళీ విడగొట్టు, అలా కిందిదాకా పో. 3, 5, 17, 257, 65537, 4294967297 వస్తాయి. మొదటి ఐదూ ప్రధాన సంఖ్యలే. ఆరోది కూడా అంతేనని గణితవేత్త ఫెర్మా నమ్మాడు, అందుకే వీటిని ఫెర్మా సంఖ్యలంటారు. 1732లో ఆయిలర్ అనే ఇంకో గణితవేత్త అది 641తో పోతుందని చూపించాడు.

పాతపలక: 641 ఎలా తట్టింది మాస్టారూ? వరసగా భాగిస్తూ పోయాడా?

లెక్కలమాస్టారు: ఆ 4294967297 ప్రధాన కారణాంకం ఏదైనా 64k + 1 రూపంలోనే ఉండాలి. ఆ వరసలో ప్రధాన సంఖ్యలు 193, 257, 449, 577, 641. ఐదోదే దొరికింది! భాగహారం లేకుండానూ చూడొచ్చు. 641 = 5×2^7 + 1, అలాగే 641 = 5^4 + 2^4. 641తో భాగిస్తే, మొదటిదాన్నిబట్టి 5×2^7కి శేషం −1, నాలుగో ఘాతం చేస్తే 5^4×2^28కి శేషం 1. రెండోదాన్నిబట్టి 5^4 బదులు −2^4 పెట్టు. −2^32కి శేషం 1, అంటే 2^32 + 1 నిశ్శేషంగా పోయింది. ఏటా పిల్లలకి బోర్డు మీద ఇది చేసి చూపిస్తాను, ఒకరిద్దరైనా “మళ్ళీ చెయ్యండి సార్” అంటారు.

గుంటూరుఘాటు: 4294967297ని 641తో భాగిస్తే వచ్చే 6700417 సంగతి? అదీ ప్రధాన సంఖ్యేనా? వర్గమూలం 2588 దాకా అన్నీ చూడాలంటే టెన్షనే.

కోడ్‌కాకి: అక్కర్లేదు. మాస్టారు చెప్పిన 64k + 1లో 64ని తర్వాత లూకా అనే గణితవేత్త 128 చేశాడు. 128k + 1 రూపంలో 2588 లోపు ప్రధాన సంఖ్యలు 257, 641, 769, 1153, 1409, అంతే. ఫెర్మా సంఖ్యలకి ఒకదానితో ఒకదానికి ఉమ్మడి కారణాంకం ఉండదు, 257 కూడా ఫెర్మా సంఖ్యే కాబట్టి దాన్ని వదిలెయ్యొచ్చు. నాలుగు భాగహారాలు చేశా, శేషాలు 44, 120, 334, 622. ప్రధాన సంఖ్యే.

పాతపలక: అయితే మొత్తం ఏడు ప్రధాన కారణాంకాలు, ఏదీ రెండోసారి రాలేదు. భాజకాలు 2^7 = 128 అన్నమాట. మరి 7తో పోదా?

లెక్కలమాస్టారు: 2^3ని 7తో భాగిస్తే శేషం 1. 64 = 3×21 + 1 కాబట్టి 2^64కి శేషం 2, ఒకటి తీసేస్తే 1. పోదు. 11, 13 నువ్వే చూడు.