రికార్డు పరుగు ముగిసిన వెంటనే డోపింగ్ ప్రశ్న వేయడం సబబేనా?

మారథాన్ అభిమాని:
2024 అక్టోబరు 13న షికాగోలో కెన్యా క్రీడాకారిణి రూత్ చెప్‌న్‌గెటిచ్ మారథాన్‌ను 2 గంటల 9 నిమిషాల 56 సెకన్లలో ముగించి, ఇథియోపియాకు చెందిన టిగిస్ట్ అసెఫా పేరిట ఉన్న ప్రపంచ రికార్డును దాదాపు రెండు నిమిషాల తేడాతో చెరిపివేశారు. ఆ వెంటనే జరిగిన విలేకరుల సమావేశంలో, పరుగు పందేల వార్తలకే అంకితమైన లెట్స్‌రన్ వెబ్‌సైటు వ్యవస్థాపకుల్లో ఒకరైన రాబర్ట్ జాన్సన్, ఇంత వేగాన్ని కొందరు అనుమానిస్తారని, వారికి ఏం చెబుతారని ఆమెనే నేరుగా అడిగారు. జనం మాట్లాడుకోక మానరని ఆమె బదులిచ్చారు. ఆ ప్రశ్నపై కెన్యాలో తీవ్ర నిరసన వ్యక్తమైంది. అప్పటికి ఆమెపై బహిరంగంగా ఏ అభియోగమూ లేదు కనుక, గెలిచిన రోజునే ఆ మాట ఎత్తడం అవమానమేనని నేను భావిస్తున్నాను. సభ్యులు తమ అభిప్రాయం తెలియజేయగలరు.

ట్రాక్ పాఠకుడు:
మీ బాధ నాకు అర్థమైందండీ, అయినా ఆ ప్రశ్న అడగవలసినదే. 400 మీటర్ల ట్రాక్ మీద చుట్టుకు 74 సెకన్ల చొప్పున, ఎక్కడా ఆగకుండా నూట అయిదున్నర చుట్లు పరుగెత్తితే వచ్చే సమయం అది. నేను ఆ వేగంతో రెండు చుట్లు కూడా పూర్తి చేయలేను. అంతకుముందు ఆమె అత్యుత్తమ సమయం 2:14:18. ఒక్కసారిగా నాలుగు నిమిషాలకు పైగా తగ్గినప్పుడు, అదీ కెన్యా క్రీడాకారులపై వరుసగా నిషేధాలు పడుతున్న కాలంలో, చూసేవారి మనసులో మెదిలే ప్రశ్నను విలేకరి పైకి అనకపోతే ఆయన అక్కడ ఉండి ప్రయోజనం ఏమిటి? 2025 మార్చిలో ఆమె ఇచ్చిన నమూనాలో హైడ్రోక్లోరోథయజైడ్ అనే నిషిద్ధ మందు దొరికిందని, దానిపై అదే ఏడాది అక్టోబరులో మూడేళ్ల నిషేధం పడిందని మనకు ఇప్పుడు తెలుసు. అయితే ఆ తీర్పును చూపి నాటి ప్రశ్నను సమర్థించడం నాకు ఇష్టం లేదు. ఆ ప్రశ్న ఆ రోజు తెలిసిన విషయాల మీదే నిలబడాలి, నిలబడుతుంది కూడా.

నా అభ్యంతరం వేరొక చోట ఉంది. అదే వెబ్‌సైటులో పేరు చెప్పనవసరం లేని సందేశాల వేదిక ఒకటుంది. బాగా పరుగెత్తిన వారి మీదల్లా అక్కడ ఆధారం లేకుండా అనుమానాలు కుమ్మరిస్తారు. తన పేరుతో, ఎదుట నిలబడి అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పే అవకాశమైనా ఉంటుంది. ముఖం లేని నిందకు ఆ క్రీడాకారిణి ఎవరికని జవాబు చెప్పాలి? క్రీడాకారులు ఈ మాధ్యమాన్ని నమ్మకపోవడానికి అసలు కారణం అదేనని నా నమ్మకం.

మారథాన్ అభిమాని:
నిందకు, ప్రశ్నకు మీరు చూపిన తేడాను ఒప్పుకుంటున్నాను. అయినా ఆ ప్రశ్న పరుగెత్తిన మనిషి దగ్గరే ఎందుకు ఆగిపోవాలి? ఆమె వ్యవహారాలు చూసే ఏజెంటును, షూ కంపెనీని, పోటీకి పిలిచిన నిర్వాహకులను కూడా అంతే నేరుగా అడగాలి కదా. ఆ కంపెనీల ప్రకటనలతోను, నిర్వాహకులు ఇచ్చే పాసులతోను నడిచే చిన్న మాధ్యమాలకు అది కష్టమని తెలుసు. కష్టమైనా అడగమనే నా కోరిక.

ట్రాక్ పాఠకుడు:
అక్కడ మీతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. నిషేధంతో పాటు రద్దయినవి 2025 మార్చి 14 తరువాతి ఫలితాలే కనుక, షికాగో సమయం నేటికీ రికార్డుల పట్టికలోనే ఉంది. వారిని అడగవలసిన ప్రశ్నకు ఇంకా గడువు తీరలేదు.