లీగల్ ఒపీనియన్ లాయరు దగ్గరే ఆగింది, అగ్రిమెంటు గడువు దగ్గర పడుతోంది (నిజాంపేట రీసేల్ ఫ్లాట్)

నిజాంపేట_కొనుగోలు:

నమస్కారం అందరికీ. నిజాంపేటలో 2006లో కట్టిన అపార్ట్‌మెంట్‌లో రీసేల్ ఫ్లాట్ కొంటున్నాం. ధర 78 లక్షలు. 5 లక్షలు బయానా ఇచ్చి, 60 రోజుల గడువుతో అగ్రిమెంటు రాసుకున్నాం. టైటిల్ (యాజమాన్య హక్కు) సరిగ్గా ఉందో లేదో లీగల్ ఒపీనియన్ రాయమని కాగితాల జిరాక్స్ సెట్టు ఆ వారమే లాయరుకి ఇచ్చాం, ఫీజు మొత్తం ముందే కట్టేశాం. గడువులో సగానికి పైగా అయిపోయింది. ఎప్పుడు ఫోన్ చేసినా "చూస్తున్నా, రెండు రోజుల్లో ఒపీనియన్ ఇస్తా" అన్న మాటే.

స్థలం ముగ్గురు అన్నదమ్ములది. బిల్డరుకి డెవలప్‌మెంట్ అగ్రిమెంట్ కం జీపీఏ (కట్టి వాటాలు పంచుకునే ఒప్పందం, తమ తరఫున సంతకం పెట్టే అధికారం కలిపిన పత్రం) ఇచ్చారు. బిల్డరు దగ్గర కొన్నవాళ్లు 2011లో ఇప్పటి ఓనరుకి అమ్మారు. ఓనరు హోమ్ లోన్ ఇంకా నడుస్తోంది, ఒరిజినల్స్ ఆ బ్యాంకులో ఉన్నాయి. మాకు వేరే బ్యాంకులో లోన్ సాంక్షన్ అయింది కానీ వాళ్ల లీగల్ ఇంకా మొదలుపెట్టించలేదు, మా లాయరు ఒపీనియన్ వచ్చాక చూద్దామని.

ఇలాంటి ఫైలుకి మామూలుగా ఇంత టైమ్ పడుతుందా? మధ్యలో లాయర్ని మార్చొచ్చా? ఒపీనియన్ రాకుండానే గడువు దాటితే బయానా సంగతేంటి?

దస్తావేజు:

కాగితాలన్నీ చేతిలో ఉంటే ఇలాంటి ఫైలు చదివి ఒపీనియన్ రాయడానికి వారం, పది రోజులు చాలు. అంతకు మించి ఆగిందంటే ఫైల్లో ఏదో కాగితం లేకపోయి ఉండాలి, లేదా ఫైలు ఇంకా విప్పే ఉండరు. ముందు ఈ రెండిట్లో ఏదో తేల్చుకోండి. "ఒపీనియన్ ఎప్పుడిస్తారు" అని అడిగితే రెండు రోజులనే జవాబే వస్తుంది. "ఏ కాగితం లేక ఆగింది" అని అడగండి, అదీ ఫోన్లో కాదు, వాట్సాప్‌లోనో మెయిల్‌లోనో. ఇలా:

"సార్, ఫలానా తేదీన ఇచ్చిన ఫ్లాటు ఫైలు గురించి. ఒపీనియన్‌కి ఇంకా కావలసిన కాగితాల జాబితా నంబర్లు వేసి పంపండి. ఏది ఓనరు ఇవ్వాలి, ఏది నేను తేవాలి అన్నది పక్కన రాయండి. అగ్రిమెంటు గడువు ఫలానా తేదీ. ఏమీ పెండింగ్ లేకపోతే ఒపీనియన్ ఇచ్చే తేదీ చెప్పండి."

ఫైలు చదివినాయనైతే ఆ సాయంత్రానికే జాబితా పంపుతారు. చదవనాయన మళ్లీ "రెండు రోజులు" అంటారు. అప్పుడు మీకు జవాబు దొరికినట్టే.

మీరు రాసినదాన్నిబట్టి ఎక్కడ ఆగి ఉంటుందో కొంత ఊహించొచ్చు. అన్నిటికంటే పెద్దది సప్లిమెంటరీ అగ్రిమెంటు. డెవలప్‌మెంట్ అగ్రిమెంటులో బిల్డరుకి ఇంత శాతం, స్థలం యజమానులకి ఇంత శాతం అని మాత్రమే ఉంటుంది. ఏ ఫ్లాటు ఎవరి వాటాకి వచ్చిందో ఆ తర్వాత రాసుకున్న సప్లిమెంటరీలో ఉంటుంది. మీ ఫ్లాటు బిల్డరు వాటాదైతే, ఆయన తన పేరు మీదా, జీపీఏ హోల్డరుగా యజమానుల తరఫునా సంతకం పెట్టి ఉంటే సరిపోతుంది. యజమానుల వాటాలోది బిల్డరు అమ్మేసి ఉంటే అది మామూలు లోపం కాదు. ఆ కాగితం చూడకుండా ఏ లాయరూ సంతకం పెట్టకూడదు కూడా.

తర్వాత ఈసీ (ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్, ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల జాబితా). చాలామంది ఫ్లాటు నంబరు, ఇంటి నంబరు పెట్టి ఈసీ తీసి ఇస్తారు. అందులో ఫ్లాటు పుట్టాక జరిగినవే కనిపిస్తాయి. అంతకు ముందు స్థలం ఎవరి చేతులు మారిందో తెలియాలంటే సర్వే నంబరు, గ్రామం పెట్టి విడిగా తీయాలి. ఆన్‌లైన్‌లో 1983 జనవరి 1 నుంచి దొరుకుతుంది, అంతకు ముందుది సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో చేతిరాత పుస్తకాలు వెతికించాలి. ఇంకో చిక్కు: ఆ ప్రాంతం 2016 అక్టోబరు దాకా రంగారెడ్డి జిల్లా, ఆ తర్వాత మేడ్చల్-మల్కాజ్‌గిరి. పాత డాక్యుమెంటులో రాసిన జిల్లా, మండలం, గ్రామం పేర్లు ఎలా ఉంటే అలా వెతకాలి, స్పెల్లింగుతో సహా. ఏ లావాదేవీ లేదని చూపే ఒక్క "నిల్ ఈసీ" చూసి నమ్మితే ప్రమాదం.

పర్మిషన్ సంగతి వేరే. 2006లో నిజాంపేట గ్రామ పంచాయతీ, కార్పొరేషన్ అయింది 2019లో. పంచాయతీ కార్యదర్శి సంతకంతో ఉన్న ప్లానుకి, అప్పటి నగరాభివృద్ధి సంస్థ హుడా మంజూరు చేసిన ప్లానుకి చాలా తేడా. ఎన్ని అంతస్తులకి అనుమతి ఉంది, మీ ఫ్లాటు ఆ అంతస్తుల్లో ఉందా అని చూడాలి. 2015 బీఆర్‌ఎస్ (అక్రమ కట్టడాల క్రమబద్ధీకరణ పథకం) దరఖాస్తు రసీదు చూపిస్తే దాన్ని క్రమబద్ధీకరణ అనుకోకండి, డబ్బు కట్టిన కాగితం మాత్రమే అది.

ఇక స్థలం మూలాలు: పాత పహాణీలు (భూమి రెవెన్యూ రికార్డులు), 1954-55 ఖాస్రా పహాణీ, రిజిస్ట్రేషన్ చేయకూడని ఆస్తుల 22ఏ నిషేధిత జాబితా. బ్యాంకులు సాధారణంగా 30 ఏళ్ల లింకు (ఆస్తి చేతులు మారిన దస్తావేజుల వరుస) అడుగుతాయి. తహసీల్దార్ ఆఫీసు నుంచి పాత నకళ్లు రావడం నిజంగానే ఆలస్యమవుతుంది, అందులో లాయరు తప్పేమీ ఉండదు.

బ్యాంకు_ఫైలు:

బ్యాంకు లీగల్ ఇంకా మొదలుపెట్టించకపోవడం వల్ల మీకు రెట్టింపు ఆలస్యం అవుతోంది. మీ లాయరు ఒపీనియన్‌కీ బ్యాంకు ప్యానల్ లాయరు (బ్యాంకు తన తరఫున పెట్టుకున్న లాయరు) ఒపీనియన్‌కీ సంబంధం లేదు. రెండూ ఒకేసారి నడవాలి. ఇవాళే ఆ జిరాక్స్ సెట్టు బ్రాంచిలో ఇచ్చి లీగల్, వాల్యుయేషన్ రెండూ మొదలుపెట్టమనండి. ప్యానల్ లాయరు రాసే క్వెరీల (సందేహాల) జాబితా కాపీ అడిగి తీసుకోండి. దాన్ని మీ లాయరుకి పంపితే ఆయన ఫైలు కూడా కదులుతుంది. ప్యానల్ లాయరే నాన్చుతుంటే ఫైలు ప్యానల్లో ఇంకొకరికి మార్చమని బ్రాంచి మేనేజరుకి మెయిల్ పెట్టొచ్చు.

అలాగని బ్యాంకు ఒపీనియన్ వచ్చిందని సొంత లాయర్ని మానేయకండి. బ్యాంకు చూసుకునేది తన అప్పు భద్రతనే. అసోసియేషన్ బకాయిలు, పార్కింగ్ హక్కు లాంటివి వాళ్లకి పట్టవు.

ఒరిజినల్స్ ఓనరు బ్యాంకులో ఉన్నాయి కాబట్టి ఓనరు చేత రెండు కాగితాలు తెప్పించండి. ఒకటి, ఆ బ్యాంకు దగ్గర ఏయే డాక్యుమెంట్లు ఉన్నాయో చెప్పే జాబితా, బ్యాంకు ముద్రతో. లాయరు వెతుకుతున్న సప్లిమెంటరీ అందులోనే ఉండొచ్చు, ఓనరుకే గుర్తుండదు. రెండు, ఫోర్‌క్లోజర్ లెటర్, అంటే లోన్ మొత్తం తీర్చడానికి ఎంత కట్టాలో చెప్పేది. దాని మీద తేదీ, రోజువారీ వడ్డీ ఉంటాయి, తేదీ దాటితే కొత్తది తీయాలి. కాబట్టి మొదటిది వెంటనే, రెండోది లీగల్ క్లియర్ అయ్యాకే.

లోన్ మొత్తం తీరాక ఒరిజినల్స్ 30 రోజుల్లో తిరిగివ్వాలని 2023 డిసెంబరు 1 నుంచి ఆర్‌బీఐ నిబంధన ఉంది. బ్యాంకు తప్పుతో ఆలస్యమైతే అప్పు తీసుకున్నవారికి రోజుకి 5,000 రూపాయలు చెల్లించాలి. ఓనరుకి ఈ సంగతి చెప్పండి, అడిగే ధైర్యం వస్తుంది. తాకట్టు ఈసీలో ఎక్కి ఉంటే దాని రిలీజు కూడా రిజిస్టర్ చేయించాలి. ఇది మరిచిపోయి రిజిస్ట్రేషన్ రోజున గుర్తుచేసుకునేవాళ్లు చాలామంది.

నిజాంపేట_కొనుగోలు:

ఇద్దరికీ ధన్యవాదాలండీ. ఆ మెసేజే పెట్టాను, జాబితా వచ్చింది. నాలుగు అడిగారు: సప్లిమెంటరీ అగ్రిమెంటు, సర్వే నంబరు మీద ఈసీ, హుడా ప్లాను కాపీ, ముగ్గురు అన్నదమ్ముల్లో చనిపోయినాయన డెత్ సర్టిఫికెట్‌తో పాటు వారసుల వివరాలు. ఆయన చనిపోయింది 2007లో, బిల్డరు మొదటి అమ్మకం రిజిస్టర్ చేసింది 2008లోనట. ఓనరేమో "ఇవన్నీ నా దగ్గర లేవు, గడువులోగా రిజిస్ట్రేషన్ చేసుకోకపోతే బయానా రాదు, పొడిగించాలంటే ఇంకో 15 లక్షలు ఇవ్వండి" అంటున్నారు.

బాచుపల్లి_రోడ్:

ముందుగాల సప్లిమెంటరీ గురించి. దాన్ని రిజిస్టర్ చేసి ఉంటే డాక్యుమెంట్ నంబరు, సంవత్సరం పట్టుకుని సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుల సర్టిఫైడ్ కాపీ తీసుకోవచ్చు. ఆ నంబరు యాడ దొరుకుతదంటే, మొదటి సేల్ డీడ్‌ల రెండో, మూడో పేజీల "వేర్ యాజ్" (Whereas) అని మొదలయ్యే పేరాలు చదవండి, డెవలప్‌మెంట్ అగ్రిమెంటు నంబరు, సప్లిమెంటరీ తేదీ అన్నీ ఆడ్నే ఉంటయి. ఊరికే స్టాంపు పేపరు మీద రాసుకున్నదైతే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుల దొరకదు. అప్పుడు ఓనరు చుట్టూ తిరుగుడు దండగ. ఆ అపార్ట్‌మెంట్ అసోసియేషన్ సెక్రటరీని పట్టుకోండి. అదే బిల్డింగుల ఈ మధ్య ఎవరన్నా లోన్ మీద కొన్నరా అని అడగండి. కొని ఉంటే వాళ్ల దగ్గర పూర్తి లింకు సెట్టు ఉంటది: సప్లిమెంటరీ, ప్లాను, పహాణీలు, అన్నీ. స్థలం కాగితాలు ఫ్లాట్లన్నిటికీ ఒక్కటే కదా. వాళ్లకు లోన్ ఇచ్చిన బ్యాంకు పేరు కూడా అడగండి, మీ బ్యాంకే అయితే పాత లీగల్ రిపోర్టు బ్రాంచిల ఉంటది.

ప్లాను కాపీ కూడా ఆ సెట్టులనే ఉండాలె. లేకుంటే పర్మిట్ నంబరు పెట్టి, హుడా బదులు వచ్చిన హెచ్‌ఎండీఏల సమాచార హక్కు దరఖాస్తు వేయండి, జవాబుకు 30 దినాల గడువు ఉంటది. మీ గడువు లోపల వస్తదని నమ్మకం లేదు గానీ, వేసి పెట్టుడు మంచిది.

ఈసీ మీరే తీయండి, లాయరు గుమాస్తా కోసం చూడకండి. కోర్టు కేసులు ఈసీల కనిపించవు. ముగ్గురు అన్నదమ్ముల పేర్ల మీద, బిల్డరు పేరు మీద ఈ-కోర్ట్స్‌ల వెతకండి. ఎల్బీనగర్ రంగారెడ్డి కోర్టులు, కూకట్‌పల్లి కోర్టులు, మేడ్చల్ కోర్టులు, హైకోర్టు, నాలుగూ చూడాలె. పాత జిల్లా లెక్కన వేసిన దావా ఎల్బీనగర్‌ల ఉండొచ్చు.

దస్తావేజు:

2007లో చావు, 2008లో రిజిస్ట్రేషన్. మీ ఫైలు ఆగింది ఇక్కడే, లాయరు దాన్ని పట్టుకున్నారంటే పని చేస్తున్నారన్నమాట. ఆయన్ని ఇప్పుడు మార్చకండి.

మామూలుగా జీపీఏ ఇచ్చినవారు చనిపోతే జీపీఏ ఆగిపోతుంది. కాంట్రాక్టు చట్టం 202వ సెక్షన్ ప్రకారం జీపీఏ పట్టుకున్నవారికి ఆ ఆస్తిలోనే సొంత ప్రయోజనం ఉంటే అలా ఆగదు. డెవలప్‌మెంట్ అగ్రిమెంటులో బిల్డరు వాటా ఆ కోవలోకి వస్తుందని వాదించొచ్చు. యజమానుల వాటా ఫ్లాటుకి ఆ వాదన నిలవడం కష్టం. అందుకే సప్లిమెంటరీ చూస్తేగానీ ఆయన ఏమీ రాయలేరు. బ్యాంకు ప్యానల్ లాయరు బహుశా దీనితో ఆగకుండా, చనిపోయినాయన వారసులందరి చేత ర్యాటిఫికేషన్ డీడ్ (ఆ పాత అమ్మకానికి తామూ ఒప్పుకుంటున్నామనే పత్రం) రిజిస్టర్ చేయించమంటారు. అది గట్టి పరిష్కారం. దానికి డెత్ సర్టిఫికెట్, తహసీల్దార్ ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ కావాలి. రెండోదానికి మీసేవలో దరఖాస్తు వారసులే పెట్టుకోవాలి, మీరు పెట్టలేరు. వారసుల్లో మైనర్లు ఎవరైనా ఉన్నారేమో తప్పక అడగండి. మైనరు వాటాకి తల్లి సంతకం చాలదు, కోర్టు అనుమతి దాకా వెళ్లాల్సి రావచ్చు.

అగ్రిమెంటు_పేజీ:

ఓనరు అడిగే 15 లక్షలు ఇవ్వకండి. టైటిల్ తేలకుండా మీ డబ్బు ఎంత ఎక్కువ అక్కడుంటే మీ చేయి అంత కిందవుతుంది.

ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ ప్రకారం, తన దగ్గరో తన అధీనంలోనో ఉన్న టైటిల్ కాగితాలు చూపించడం, టైటిల్ గురించి అడిగినవాటికి తనకు తెలిసినంత జవాబు చెప్పడం అమ్మేవారి బాధ్యత. అగ్రిమెంటులో దీనికి విరుద్ధంగా రాసుకున్నారేమో చూడండి. "క్లియర్ టైటిల్ చూపించే బాధ్యత అమ్మకందారుది" అన్న వాక్యం ఉంటే మీ స్థానం ఇంకా గట్టిది.

ఈ వారంలోనే ఓనరుకి ఉత్తరం రాయండి, అక్నాలెడ్జ్‌మెంట్‌తో స్పీడ్ పోస్టులో, అదే వాట్సాప్‌లో కూడా. లాయరు ఇచ్చిన నాలుగు కాగితాల పేర్లు, అవి ఏ తేదీన అడిగారో, లోన్ సాంక్షన్ అయి డబ్బు సిద్ధంగా ఉందన్నది (సాంక్షన్ లెటర్ కాపీ జతచేసి), ఈ కాగితాలు అందిన తర్వాత 30 రోజులు గడువు పొడిగించమన్నది. రేపు కోర్టుకి వెళ్తే కొనేవారు మొదటినుంచీ సిద్ధంగా ఉన్నారా అన్నదే ముందు చూస్తారు. నోటిమాటలకు అక్కడ విలువ ఉండదు.

ఓనరు ఒప్పుకుంటే పాత అగ్రిమెంటు ఒరిజినల్ వెనకే ఎండార్స్‌మెంట్ రాయించండి: కొత్త గడువు, పొడిగింపుకి కారణం, మిగతా షరతులు యథాతథం. గడువు ముగియకముందే రాయాలి. ఫ్లాటు భార్యాభర్తలిద్దరి పేరు మీద ఉంటే ఇద్దరూ సంతకం పెట్టాలి. తేదీ పెట్టేటప్పుడు "ఫలానా తేదీ" అని కాకుండా "కాగితాలు అందినప్పటి నుంచి ఇన్ని రోజులు" అని రాయించుకుంటే ఈ తంటా మళ్లీ రాదు.

లాయర్ని మార్చడం గురించి అడిగారు కదా. మార్చాల్సి వస్తే ఫైలు తిరిగివ్వనని ఆయన అనలేరు, ఫీజు బాకీ ఉన్నా సరే. 2000లో ఆర్.డి. సక్సేనా కేసులో సుప్రీంకోర్టు ఆ మాట స్పష్టంగా చెప్పింది. కన్స్యూమర్ ఫోరంలో మాత్రం వేయలేరు, లాయర్ల సేవలు ఆ చట్టం కిందకి రావని 2024 మేలో తీర్పు వచ్చింది. తీవ్రమైన దుష్ప్రవర్తన ఉంటే రాష్ట్ర బార్ కౌన్సిల్‌కి ఫిర్యాదు చేయొచ్చు, అయితే దానివల్ల మీ రిజిస్ట్రేషన్ ముందుకు జరగదు. ఇంకెవరికైనా ఫైలిచ్చేటప్పుడు సగం ఫీజు ముందు, సగం ఒపీనియన్ చేతికొచ్చాక అని మాట్లాడుకోండి.

బ్యాంకు_ఫైలు:

ఇంకో రెండు మాటలు. ఒపీనియన్ చేతికి రాకుండా రిజిస్ట్రేషన్ స్లాట్ బుక్ చేసి చలానా కట్టకండి. స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం, అంటే మీ ధర మీద 5.85 లక్షలు. అది లోన్లో రాదు, వెనక్కి తెచ్చుకోవాలంటే వేరే దరఖాస్తు, వేరే తిరుగుడు. గడువు పొడిగించాక సాంక్షన్ లెటర్ చెల్లుబాటు తేదీ కూడా చూసుకోండి, దాటేలా ఉంటే ముందే రీవాలిడేషన్‌కి మెయిల్ పెట్టండి.

ధర 50 లక్షలు దాటింది కాబట్టి 1 శాతం టీడీఎస్ (అమ్మేవారికిచ్చే డబ్బులోంచి ఆదాయపు పన్ను కింద మినహాయించేది) మీరు పట్టుకుని కట్టాలి. ఇది ఆఖర్న ఒకేసారి కాదు, చెల్లించిన ప్రతిసారీ, బయానా మీద కూడా. బయానా ఇచ్చిన నెల ముగిశాక 30 రోజుల్లో ఆ 5,000 కట్టి ఉండాలి. కట్టకపోతే ఇప్పుడే వడ్డీతో కట్టేయండి. ఓనరు ఎన్నారై అయితే ఈ 1 శాతం లెక్క వర్తించదు, చాలా ఎక్కువ పట్టుకోవాలి. బ్యాంకు చెక్కులు తయారు చేయించకముందే ఓనరు రెసిడెంటా కాదా అన్నది రాతపూర్వకంగా తీసుకోండి.