రెండు భుజాలు, వాటి మధ్య లేని కోణం సమానం: సర్వసమానత నిరూపించేదెలా?

ఏబీసీ, పీక్యూఆర్ త్రిభుజాల్లో ఏబీ = పీక్యూ = 8 సెం.మీ., ఏసీ = పీఆర్ = 5 సెం.మీ., కోణం బీ = కోణం క్యూ = 30°. కోణం ఆ భుజాల మధ్య లేదు కాబట్టి భు-కో-భు (రెండు భుజాలు, వాటి మధ్య కోణం సమానమైతే త్రిభుజాలు సర్వసమానం అనే నియమం) కుదరదు. గీస్తే కారణం తెలిసిపోతుంది. ఏ దగ్గర వృత్తలేఖిని ముల్లు పెట్టి 5 సెం.మీ. చాపం గీస్తే, అది బీ నుంచి గీసిన కిరణాన్ని రెండు చోట్ల తాకుతుంది: సుమారు 3.9, 9.9 సెం.మీ. దగ్గర. ఏ నుంచి లంబం 4 సెం.మీ.; 5 దానికన్నా ఎక్కువ, 8 కన్నా తక్కువ. చిక్కంతా అక్కడే. ‘భు-భు-కో’ అని రాసేస్తే నిరూపణ చెల్లదు.

మరి కోణం సీ, కోణం ఆర్ రెండూ లఘుకోణాలని కూడా ఇస్తే? బీసీ, క్యూఆర్‌లకు ఏడీ, పీఎస్ లంబాలు గీసి, ఏబీడీ, పీక్యూఎస్‌లకు కో-కో-భు (రెండు కోణాలు, ఒక భుజం), ఏడీసీ, పీఎస్ఆర్‌లకు లం-క-భు (లంబకోణం, కర్ణం, ఒక భుజం) వాడితే బీసీ = క్యూఆర్ వస్తోంది. కానీ బీడీ, డీసీలను కూడాలంటే డీ బిందువు బీ, సీల మధ్యే ఉండాలి. బీ, సీ లఘుకోణాలు కాబట్టి అన్న ఒక్క వాక్యం చాలా, లేక దాన్ని విడిగా నిరూపించాలా? సైన్ సూత్రం వాడకుండా చెప్పగలరు.