రాడా, రాలేడా?

సందేహి: తెలుగు బైబిల్లో యోహాను 14:6 చివర "నా ద్వారానే తప్ప యెవడును తండ్రియొద్దకు రాలేడు" అని నోటికొస్తోంది. అచ్చులో "రాడు" అని ఉంది. వేరే పాఠం ఏమైనా ఉందా? క్రీస్తు పేరే వినని సజ్జనుడి గతేమిటన్న వాదంలో మొదట పడేది ఈ వాక్యమే. "లే" ఉంటే ఒక తీర్పు, లేకపోతే ఇంకొకటి.

గ్రీకుపిచ్చి: "రాడు" ఖాయం. గ్రీకు మూలంలో "ఎర్ఖెతయ్", అంటే "వస్తాడు", ఉత్త వర్తమానం. చేతగాదని చెప్పాలంటే యోహాను "దునతయ్" ("చేయగలడు") వేస్తాడు. 6:44 చూడండి: "ఆకర్షించితేనే గాని యెవడును నా యొద్దకు రాలేడు". ఆ "లే" వచ్చి ఇక్కడ అతుక్కుంది.

సూరిశిష్యుడు: నా అనుమానం అపొస్తలుల కార్యములు (అపొ.) 4:12 మీద: "మరి ఏ నామమున రక్షణ పొందలేము". ఈ రెండు వచనాలనూ జంటగానే వల్లిస్తారు. తమాషా ఏమిటంటే అక్కడ మూలంలో ఉన్నది "దెయ్", అంటే "వలెను". శక్తి ఊసే లేదు. అనువాదకులు దాన్ని విడదీసి "పొందవలెను" అని ఒకసారి, "పొందలేము" అని ఇంకోసారి అన్నారు. ఇక "రాడు" తద్ధర్మ వ్యతిరేకం, అంటే ఎప్పుడూ ఉండే స్వభావాన్ని కాదని చెప్పే రూపం. ఉన్న తీరు చెబుతుందే గాని, ఎవరినీ గెంటెయ్యదు.

గ్రీకుపిచ్చి: అప్పుడు ఇంకా గట్టిది కదండీ! రాలేనివాడికి చెయ్యందించొచ్చు. రాడంటే రాడంతే.

అంచురాతలు: ఇద్దరూ "లే" దగ్గరే ఆగారు. అసలు ముల్లు "ద్వారానే"లోని "నే". "నా ద్వారా తప్ప" అంటే చాలదా? పోనీ, "ద్వారా" అంటే తెలిసి వెళ్లడమేనా? వంతెన పేరు తెలియనివాడు కూడా వంతెన మీదుగానే ఏరు దాటుతాడు. కాథలిక్ వేదాంతి కార్ల్ రానర్ చెప్పిన "అనామక క్రైస్తవుడు", అంటే పేరు తెలియకుండానే క్రీస్తు కృప పొందినవాడు, నిలబడింది ఈ "ద్వారా" మీదే. 1964లో కాథలిక్కుల రెండో వాటికన్ మహాసభ వెలువరించిన లూమెన్ జెన్సియుమ్ అనే పత్రం, 16వ పేరా కూడా ఆ దారిదే. కాకపోతే షరతులున్నాయి: సువార్త తెలియకపోవడం తన తప్పు కాకూడదు, దేవుణ్ణి నిండు మనసుతో వెదకాలి, కృప కదిలించగా మనస్సాక్షి చెప్పినట్టు నడవాలి. అప్పుడు కూడా "పొందవచ్చు" అనే. ఇవన్నీ ఎగరగొట్టి "మంచివాళ్లందరూ" అని చదివేస్తారు.

సూరిశిష్యుడు: అంత దూరమెందుకు, పేతురు రాకముందే దైవభక్తుడైన రోమా శతాధిపతి కొర్నేలీ ఉన్నాడుగా. అపొ. 10:35, "ఆయనకు భయపడి నీతిగా నడుచుకొనువానిని ఆయన అంగీకరించును". ఇదీ తద్ధర్మమే, రేపటి మాట కాదు.

గ్రీకుపిచ్చి: అక్కడ మూలంలో ఆ క్రియే లేదు. "దెక్తోస్", విశేషణం, అంగీకారయోగ్యుడు. లూకా 4:24లో సొంతవూళ్లో ప్రవక్తకు దక్కనిదీ ఈ మాటే. పైగా అపొ. 11:14లో దూత పేతురు మాటలవలన "రక్షణ పొందుదురు" అంటాడు. యోగ్యుడే, రక్షణ మాత్రం ఇంకా రాలేదు.

పద్యప్రియ: జాషువా "విశ్వనరుడ నేను" అన్నాక ఈ పేచీ ఏమిటి? ఎంత చక్కని తేటగీతి!

సూరిశిష్యుడు: ఆటవెలదండీ. "పంజరాన గట్టువడను నేను", అయిదూ సూర్యగణాలే. తేటగీతికి మధ్యలో రెండు ఇంద్రగణాలు కావాలి.

పద్యప్రియ: సరే, ఆటవెలదే. గబ్బిలం చేత కాశీ విశ్వేశ్వరుడికి కబురంపిన ఆ చెయ్యే క్రీస్తు చరిత్ర కూడా రాసింది. ఆయన్ని అడగాలి "ద్వారా"కు అర్థం.

అంచురాతలు: గట్టువడనా, కట్టువడనా?

సూరిశిష్యుడు: "పంజరానన్" చివరి ద్రుతం (న్) మీద పరుషం (క) సరళం (గ) అవదూ? అరసున్న పెట్టుకుని చదవండి.

సందేహి: నా "లే" సంగతి?

గ్రీకుపిచ్చి: అది తేలిపోయింది, "రాడు". "నే" కూడా పెద్ద చిక్కు కాదు. యోహాను 3:3లో "జన్మించితేనే కాని", 6:44లో "ఆకర్షించితేనే గాని". ఆ ఏకారం అనువాదకుల అలవాటు.

అంచురాతలు: అవి క్రియల మీద "తేనే గాని". "ద్వారా" క్రియ కాదు, పక్కనున్నది "గాని" కాదు. "నే" పక్కన "తప్ప" ఉన్న వచనం ఇంకొకటి చూపించండి, ఒప్పుకుంటాను.