ఓట్స్‌లో పండ్లు ఎప్పుడు వేయాలి?

ప్రశ్న: పొద్దున్నే వంటింట్లో ఎక్కువసేపు నిలబడే ఓపిక నాకు లేదు. పొయ్యి మీద ఓట్స్ ఉడికేటప్పుడే పండ్లు వేసేయవచ్చా, దించాక వేయాలా? అనాసతో పాలు విరుగుతాయని విన్నాను.

జవాబు: పండును బట్టి ఉంటుందండీ. యాపిల్ ముక్కలైతే ముందు నీళ్లలో రెండు నిమిషాలు ఉడకనిచ్చి, ఆపైన ఓట్స్ వేయండి. కప్పు ఓట్స్‌కు రెండు కప్పుల నీళ్లు, చిటికెడు ఉప్పు. సన్నని సెగ మీద 5 నిమిషాలు చాలు. అరటిపండు మాత్రం తొక్క మీద నల్లమచ్చలు పడినదే తీసుకుని, మెదిపి చివర్లో కలపండి. చక్కెర డబ్బా మూత తీసే పనే ఉండదు.

మరొకరు: అనాస, నారింజ పులుపుకు వేడి పాలు విరిగే మాట నిజమే. అవి వేసే రోజు నీళ్లతోనే వండండి. గిన్నె కాస్త పెద్దదే పెట్టండి, ఓట్స్ నురగ ఇట్టే పొంగుతుంది.

ప్రశ్న అడిగినవారు: మరి ఎండుద్రాక్ష?

జవాబు: ఓట్స్‌తోపాటే వేసేయండి. ఉబ్బి మెత్తబడతాయి.