పాత ఫ్లాట్, లావు గోడలు: చివరి గదికి వైఫై ఎలా తెచ్చుకున్నారు?

చివరిగది:
నమస్కారం అందరికీ. మా ఇంట్లో గోడలన్నీ 9 అంగుళాల ఇటుక. రౌటర్ హాల్లో టీవీ వెనక ఉంది. హాల్లో 90 ఎంబీపీఎస్ వస్తుంది, చివరి గదిలో 3 వస్తే గొప్ప. నేను పనిచేసేది అక్కడే. నిన్న మీటింగ్‌లో మూడుసార్లు నా గొంతు ఆగిపోయింది, చివరికి వంటగది గుమ్మంలో స్టూలు వేసుకుని కూర్చున్నాను. సిగ్నల్‌ని అందుకుని మళ్లీ పంపే రిపీటర్ కొనాలా, రెండు మూడు పెట్టెలు కలిసి ఇల్లంతా ఒకే వైఫై ఇచ్చే మెష్ కొనాలా? ఇంటి కరెంటు వైర్ల మీదుగా నెట్ పంపే పవర్‌లైన్ ఎవరైనా వాడారా? అద్దె ఇల్లు, గోడకు కన్నం పెడతానంటే ఓనర్ ఒప్పుకోరు.

రాత్రిషిఫ్ట్:
రిపీటర్ జోలికి మాత్రం వెళ్లకండి. పది నెలలు నరకం చూశాను. ఫోన్‌లో గీతలు నిండుగా కనిపించేవి, పేజీ మాత్రం తెరుచుకునేది కాదు.

మేడమీద:
మా ఇంట్లో మూడేళ్లుగా రిపీటరే. ఏ ఇబ్బందీ లేదు. సిగ్నల్ అందని గదిలోనే దాన్ని పెడితే దానికి మాత్రం ఏం అందుతుంది, మనకేం ఇస్తుంది? రౌటర్‌కి, ఆ గదికి మధ్యలో పెట్టాలి.

రాత్రిషిఫ్ట్:
మధ్యలోనే పెట్టానండీ, ఆ మాత్రం తెలుసు. ఒకే రేడియో ఉన్న రిపీటర్ రౌటర్ మాట వినాలన్నా, మనకు చెప్పాలన్నా అదే ఛానెల్‌లో వంతులు వేసుకోవాలి. వేగం సగానికి పడిపోతుంది. దాన్ని మంచిదని చెప్పి ఇంకొకరి డబ్బు పోగొట్టడం ఎందుకు?

మేడమీద:
నేను ఎవరి డబ్బూ పోగొట్టట్లేదు. నాది డ్యూయల్ బ్యాండ్. రౌటర్‌తో 5 గిగాహెర్ట్జ్‌లో, ఫోన్లతో 2.4లో మాట్లాడుతుంది. మీరు కొన్నది ఏదో చూసుకోకుండా రిపీటర్లన్నిటినీ తిట్టడం న్యాయం కాదు.

కేబులింగ్14ఏళ్లు:
ఇద్దరూ ఆగండి. నేను చేసేదే ఈ పని. గీతల్ని నమ్మొద్దు. వైఫై ఎనలైజర్ యాప్ పెట్టుకుని డీబీఎం చూడండి, అది సిగ్నల్ బలానికి కొలత, మైనస్‌లో ఉంటుంది, సున్నాకి ఎంత దగ్గరైతే అంత మంచిది. మైనస్ 67 దాకా ఉంటే వీడియో కాల్ హాయిగా సాగుతుంది, మైనస్ 80 దగ్గర తెగిపోతూ ఉంటుంది. 10 డీబీ తగ్గిందంటే బలం పదో వంతుకు పడిపోయినట్టే. ముందు ఆ రౌటర్ని టీవీ వెనక నుంచి తీయండి. టీవీ వెనక ఉన్న లోహపు రేకు సిగ్నల్‌ని అక్కడే ఆపేస్తుంది. ఆ తర్వాత తీగ లాగండి. తీగను మించింది లేదు.

మేడమీద:
అద్దె ఇల్లని ఆయన రాశారు కదా! చదవకుండానే తీగ, తీగ అంటే ఎలా?

కేబులింగ్14ఏళ్లు:
చదివే రాశాను. కన్నం అక్కర్లేదు. బల్లపరుపుగా ఉండే కేబుల్ దొరుకుతుంది, గోడ అంచు వెంట నడిపి తలుపు కింద నుంచి తీసుకెళ్లొచ్చు. అవతల ఒక యాక్సెస్ పాయింట్, అంటే తీగలో వచ్చిన నెట్‌ని వైఫైగా పంచే పెట్టె, పెడితే సరి. క్యాట్ 5ఈ రకం కేబుల్ అయితే 100 మీటర్ల దాకా 1 గిగాబిట్ మోస్తుంది. ఏ ఇంట్లోనైనా అది చాలు.

అమ్మకోసం:
మా అమ్మ రోజూ రాత్రి చెల్లితో వీడియో కాల్ మాట్లాడుతుంది. పగలంతా బాగుండే నెట్ సరిగ్గా ఆ వేళకే మొరాయించేది. చూస్తే చుట్టుపక్కల ఇళ్ల రౌటర్లు పదకొండు 2.4 గిగాహెర్ట్జ్‌లో ఛానెల్ 6 మీదే ఉన్నాయి. మాది 1కి మార్చాను, ఛానెల్ వెడల్పు 20 మెగాహెర్ట్జ్ పెట్టాను. పైసా ఖర్చు లేదు. మొన్న అమ్మ 40 నిమిషాలు ఆగకుండా మాట్లాడింది.

రాత్రిషిఫ్ట్:
మంచి పని చేశారు. కొందరు ఖాళీగా ఉందని 3కో 4కో మారుస్తారు, దాంతో 1తోనూ 6తోనూ తగువే. 1, 6, 11 తప్ప వేరే వద్దు.

స్విచ్‌బోర్డు:
పవర్‌లైన్ అడిగారు, ఎవరూ చెప్పలేదు. వాడుతున్నాను. గోడ సాకెట్‌లోనే నేరుగా పెట్టాలి. స్పైక్ బస్టర్‌లో పెట్టి వారం రోజులు తల పట్టుకున్నాను, అది సిగ్నల్‌ని మింగేస్తుంది. రెండు గదులు వేర్వేరు ఫేజుల మీద ఉంటే అసలు కలవకపోవచ్చు. పాత వైరింగ్ కదా, తిరిగి ఇచ్చే వీలుంటేనే కొనండి.

చివరిగది:
రౌటర్ని టీవీ వెనక నుంచి తీసి నడవలో అల్మారా మీద పెట్టాను. చివరి గదిలో మైనస్ 81 ఉండేది, మైనస్ 70కి వచ్చింది! ఆ ఉత్సాహంలో కేబుల్ కూడా లాగేశాను. ఇప్పుడు అక్కడ 88 ఎంబీపీఎస్. కానీ కేబుల్ లింక్ వేగం 100 అనే చూపిస్తోంది, 1000 (1 గిగాబిట్) రావాలి కదా?

కేబులింగ్14ఏళ్లు:
ముందు రెండు వైపులా పోర్టులు గిగాబిట్‌వేనా చూడండి. అవే అయితే ఎక్కడో ఒక తీగ అందట్లేదు. గిగాబిట్‌కి 4 జతలూ కావాలి, 100కి 2 చాలు. మొన్న ఒక ఇంట్లో ప్లగ్ ఊడదీసి చూస్తే గోధుమరంగు తీగ వెంట్రుకవాసి పొట్టిగా ఉండి పిన్నుకి తగల్లేదు. మీ కేబుల్ తలుపు కింద నలగట్లేదు కదా?

చివరిగది:
తలుపు వేస్తే కొంచెం ఒత్తుకుంటోంది.

మేడమీద:
కన్నం వద్దన్న ఓనర్ తలుపు అడుగు చెక్కనిస్తారా?

కేబులింగ్14ఏళ్లు:
చెక్కక్కర్లేదు. కింద సందు అన్నిచోట్లా ఒకేలా ఉండదు. అట్టముక్క దూర్చి చూసుకుంటూ వెళ్లండి, ఎక్కడ వదులుగా ఆడితే అక్కడి నుంచి తీయండి.